అత్తమ్మా, అది నవల!

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు. హనుమకొండలో ఉంటాం. ఎండాకాలంలో మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు మంచం మీదే ఉన్నాను. టీవీ చూసి చూసి విసుగొచ్చి, మా ఆయనతో గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకున్నాను. ఆరు చారిత్రక నవలలు చదివాను. అయిదు కాకతీయులవి, ఒకటి రజాకార్ల కాలంది. రుద్రమదేవి చనిపోయే ఘట్టం దగ్గర ఏడ్చేశాను. ఒక నవలలో సైనికుడు కోట గోడ మీద కావలి కాస్తూ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటాడు. మా బాపు పొలం గట్టు మీద కూర్చొని తిన్నట్టే ఉంది. కోహినూర్ వజ్రం మూడు నవలల్లో వచ్చింది. రజాకార్ల నవల మాత్రం సగంలో పక్కన పెట్టాను. అందులో అందరూ ఉపన్యాసాలే ఇస్తారు.

దసరా సెలవులకు జగిత్యాల నుంచి మా ఆడబిడ్డ వాళ్లు వస్తే ఖిలా వరంగల్ చూపించడానికి తీసుకెళ్లాను. కుష్‌మహల్‌లో నిలబడి "ఇక్కడే రుద్రమ్మ సభ తీర్చేది" అని చెబుతున్నాను. హిస్టరీ ఎమ్మే చదివే మా తమ్ముడి కొడుకు అందరి ముందు "అత్తమ్మా, అది నవల! ఇది కట్టేనాటికి రుద్రమదేవి లేనే లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి నవల తీసి చూస్తే అందులో కుష్‌మహల్ పేరే లేదు. "ఎత్తయిన కమాన్ల సభామంటపం" అని మాత్రమే ఉంది. కుష్‌మహల్ నేనే కలుపుకున్నాను. అప్పటి నుంచి ఏ నవల పట్టుకున్నా ఇది నిజమా, కల్పనా అని టెన్షనే తప్ప కథ ఎక్కడం లేదు. ఏడ్చిన ఏడుపు కూడా దండగేనా? నవలలు మానేసి చరిత్ర పుస్తకాలే చదవమంటారా?

జవాబు: ముందు కుష్‌మహల్ సంగతి తేల్చేద్దాం. మీ మేనల్లుడు చెప్పింది నిజమే. దాన్ని తుగ్లక్‌ల కాలంలో కట్టారని కొందరు చరిత్రకారులు, 1500 ప్రాంతంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని మరికొందరు అంటారు. ఎవరి మాట తీసుకున్నా 1323లో ప్రతాపరుద్రుడు ఓడిపోయిన తర్వాతిదే. కాకతీయుల కట్టడాల్లో అలాంటి కమాన్లు కనిపించవు. స్తంభం మీద దూలం, దూలం మీద రాతి పలక, అంతే. వేయిస్తంభాల గుడిలో చూడండి, రామప్పలో చూడండి. కుష్‌మహల్‌కు దగ్గర్లోనే నిలబడ్డ కీర్తి తోరణాలు కూడా నిలువు స్తంభాల మీద అడ్డ దూలం పెట్టినవే. కాబట్టి ఇక్కడ తప్పు సగం రచయితది. ఆయన కమాను పెట్టాడు, మీరు దానికి తగ్గ బిల్డింగ్ వెతుక్కున్నారు. కోటలో కమాన్లున్న పెద్ద హాలు కళ్ల ముందు కనిపిస్తుంటే ఇంకెక్కడికి పోతారు?

అందరూ నవ్వారని బాధపడ్డారు. నా సంగతీ వినండి. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లి బంతిలో కూర్చొని, రుద్రమదేవి ముసలితనంలో మనవడు ప్రతాపరుద్రుడికి పట్టం కట్టి, ఓరుగల్లులోనే ప్రశాంతంగా కన్నుమూసిందని పక్కవాళ్లకు గొప్పగా చెబుతున్నాను. నేను చదివిన నవల అలాగే ముగిసింది మరి. ఎదురు వరసలో ఉన్న ఒక రిటైర్డ్ లెక్చరర్ విస్తరిలోంచి తల ఎత్తకుండానే "చందుపట్ల శాసనం చూడలేదా?" అన్నారు. చూడటం అటుంచి, పేరు కూడా వినలేదు. ఆ రోజు నాకు పెరుగన్నం గొంతు దిగలేదు.

చందుపట్ల నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర ఊరు. అక్కడి శాసనం తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి దానం చేశాడు. ఎందుకు చేశాడంటే, రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోక ప్రాప్తి కలగాలని. విషయం అంతే. ఎక్కడ చనిపోయారు, ఎలా చనిపోయారు అన్నది లేదు. కానీ రాణి పేరు, సేనాని పేరు ఒక్కచోట పెట్టి ఇద్దరికీ కలిపి పుణ్యం కోరితే ఏమనుకుంటాం? ఇద్దరూ ఒకే యుద్ధంలో పోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. అప్పుడు ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడు కాబట్టి అతనితో జరిగిన యుద్ధమే అయి ఉంటుందన్నది దాని తర్వాతి ఊహ.

ఈ శాసనం లెక్కలోకి రాకముందు, రుద్రమ 1295 దాకా పాలించిందని చరిత్ర పుస్తకాల్లోనే ఉండేది. ఆ రోజుల్లో నవల రాసినవాడు ఆమెను మంచం మీద ప్రశాంతంగా సాగనంపితే అది అబద్ధం కిందికి వస్తుందా? అప్పటికి తెలిసింది అంతే. మీరు చదివిన అయిదింటిలో రెండు పాతవి, మూడు ఈమధ్యవి అని మీ ఉత్తరంలో, ఇక్కడ అచ్చు వేయని భాగంలో, ఉంది. పాత రెండింటిలో రాణి మంచం మీద, కొత్తవాటిలో యుద్ధభూమిలో పోయి ఉంటుందని నా అంచనా. ఒకసారి తిరగేసి చూడండి. అందుకే చారిత్రక నవల తెరవగానే నేను చూసేది అచ్చయిన సంవత్సరం. కథ ఏ శతాబ్దానిదైనా, రచయితకు ఏం తెలిసి ఉంటుందో ఆ సంవత్సరం చెబుతుంది.

ఇక మీ ఏడుపు. ఆ ఘట్టంలో గుర్రం మీద ఉన్న ముసలి రాణి, పక్కనే ఒరిగిపోయే మల్లికార్జునుడు, ఆమె చివరి మాట, వీటిలో ఏ ఒక్కటీ రాతి మీద లేదు. ఉన్నది ఒక తేదీ, రెండు పేర్లు, కొంత భూమి. మిగతాది రచయిత పోసిన ప్రాణం. అయితే ఆ రెండు పేర్లను అలా పక్కపక్కన చెక్కించిన పువ్వుల ముమ్మడి కూడా ఏదో ఒక దుఃఖంతోనే కదా చెక్కించాడు. మీరు ఏడు వందల ఏళ్ల తర్వాత హనుమకొండలో మంచం మీద పడుకొని ఏడ్చారు. అందులో దండగ ఏముంది? రాయి చెప్పకుండా వదిలేసిన చోట నవలాకారుడు రాసుకోవచ్చు. రాయి చెప్పినదాన్ని కాదని రాస్తేనే నాకు పేచీ.

రాయి చెప్పిందంతా వేదం అనుకోవద్దని మీ మేనల్లుడికి కూడా చెప్పండి. హిస్టరీ చదివే పిల్లలకు మొదటి సంవత్సరం ఈ మోజు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. శాసనం రాసినవాడు రాజు పెట్టిన అన్నం తిన్న కవి. అంబదేవుడి త్రిపురాంతకం శాసనం చదివితే లోకంలో అతను ఓడించని వీరుడే లేడనిపిస్తుంది. శత్రువులు రాసినవీ అంతే. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ 1310లో ఓరుగల్లును ముట్టడించిన వైనం రాసిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, మట్టికోట గోడ ఎంత గట్టిదంటే యంత్రంతో విసిరిన రాయి పిల్లలాడుకునే గింజలా ఎగిరి వెనక్కి పడుతుందని వర్ణించాడు. మార్కో పోలో మన రుద్రమ గురించి ఎంతో గొప్పగా చెప్పి, ఆమెను రాజు భార్య అనేశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. అదే కాలంలో తిరిగినవాడే ఇంత పొరపాటు పడితే, మీరు ఒక మహల్ దగ్గర పొరబడటం ఏపాటి?

కోహినూర్ జోలికి నేను పోను. అది ఓరుగల్లు నుంచే పోయిందనడానికి గట్టి ఆధారం ఎవరూ చూపించలేదు, అయినా మూడు నవలల్లో మెరిసిందంటున్నారు. మెరవనివ్వండి.

నాకు అసలు కోపం వచ్చింది మీకు బాగా నచ్చిన సీను మీద. ఆ సైనికుడి చేతిలో పచ్చిమిరపకాయ. ఏనుమాముల మార్కెట్‌లో సీజన్‌లో మిర్చి బస్తాల మధ్య తుమ్ముకుంటూ నడిచిన వాళ్లం మనం. ఓరుగల్లు అంటేనే మిర్చి అనుకుంటాం. కానీ ఆ కాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. వాస్కోడగామా కాలికట్‌లో దిగిందే 1498లో. అప్పటికి కాకతీయులు పోయి నూట డెబ్బై అయిదేళ్లు. రుద్రమ సైనికుడికి కారం కావాలంటే మిరియమే గతి, లేదంటే అల్లం. జొన్నరొట్టె సరే, ఉల్లిగడ్డ సరే. మక్క గటక పోస్తే ఒప్పుకోను, పల్లికాయలు వలిపిస్తే ఒప్పుకోను, చుట్ట కాల్పిస్తే అసలే ఒప్పుకోను. టమాట, ఆలుగడ్డ, పొగాకు, పల్లి, మక్క, అన్నీ ఆ ఓడల తర్వాత వచ్చినవే.

ఇదంతా చాదస్తం అంటారేమో. మా ఇంట్లోనూ అంటారు. కానీ మీ ఉత్తరంలో ఒక మాట ఉంది చూడండి: "మా బాపు తిన్నట్టే ఉంది". రచయిత తన బాపునో తాతనో చూసి రాశాడు, మీరు మీ బాపును తలుచుకొని నమ్మారు. కళ్లు చెమర్చే సీనే, ఒప్పుకుంటాను. కానీ పదమూడో శతాబ్దం మనిషి ఆ పేజీలోంచి జారుకున్నాడు. ఆ మనిషి ఏం తిన్నాడో, ఏం కట్టుకున్నాడో, దేనికి భయపడ్డాడో తెలుసుకోవాలనే కదా చారిత్రక నవల చదివేది. బాపు కోసమైతే పాత ఫొటో తీసి చూసుకోవచ్చు.

అప్పటి తిండి తెలుసుకోవడానికి దారి లేకపోలేదు. క్రీడాభిరామం అని చిన్న కావ్యం ఉంది. వినుకొండ వల్లభరాయుడిదంటారు, కొందరు శ్రీనాథుడిదే అంటారు. కాకతీయులు పోయిన తర్వాత రాసిందే అయినా, అంతకుముందరి సంస్కృత రచన ఒకటి దానికి మూలం. ఇద్దరు స్నేహితులు, టిట్టిభ సెట్టి, మంచన శర్మ, ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందాలు, వేశ్యవాడలు, పలనాటి వీరగాథ పాడే వాళ్లు, అన్నీ కనబడతాయి. మధ్యలో ఆకలి. పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెడతారో ఒక పద్యంలో ఉంది: కప్పురభోగి బియ్యంతో అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, చివర గడ్డపెరుగు. భోజనం పెట్టే ఇంటాయన పేరు కూడా ఉంది, లక్ష్మణవజ్ఝల. ఇవాళ్టి మన మెస్సుల బోర్డులాగే ఉంటుంది ఆ పద్యం. మిరపకాయ ఊసు మాత్రం ఉండదు. ఈ ఒక్క పద్యం చదివి ఉంటే ఆ నవలాకారుడు సైనికుడి చేతిలో ఏం పెట్టాలో ఇంకోసారి ఆలోచించేవాడు.

చరిత్ర పుస్తకాలే చదవాలా అని అడిగారు. అవి మాత్రమే చదివితే మీకు వారంలో నిద్రొస్తుంది. తేదీలు, బిరుదులు, దానాల జాబితాలు. ఒక్కటి మాత్రం తెప్పించుకోండి, సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు మొదట వచ్చింది దానికే, 1955లో. రాజుల్ని పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం ఆడారు, ఎలా కొనుక్కున్నారు అని కావ్యాల్లోంచి ఏరి చెబుతారు. క్రీడాభిరామం మీద అందులో బోలెడు ముచ్చట ఉంది. ఇంట్లో వాళ్లు దొరకలేదంటే, హనుమకొండలోనే 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో అడిగి చూడమనండి. కాకతీయుల అధ్యాయం చదివి, మీ అయిదు నవలల్లో నచ్చినదాన్ని మళ్లీ తెరవండి. పెన్సిల్ పక్కన పెట్టుకోండి. తిండి, డబ్బు, దూరం, ఈ మూడింటి దగ్గర ఆగండి. ఏం తిన్నారు, ఎంత ఇచ్చారు, ఓరుగల్లు నుంచి మోటుపల్లి రేవుకు ఎన్ని రోజుల్లో చేరారు. రచయిత పని చేశాడా లేదా అన్నది ఇక్కడే బయటపడుతుంది. యుద్ధవర్ణనలు ఎవరైనా రాస్తారు. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు పెట్టకండి, విడిగా కాయితం మీద రాసుకోండి.

ఇంకొకటి మీరు అడగలేదు, నేనే ఎత్తుతున్నాను. అయిదు నవలల్లోనూ కాకతీయ రాజులు చల్లని దేవుళ్లేనా? చెరువులు తవ్వించారు, నిజం. రామప్ప, పాకాల, లక్నవరం నీళ్లు ఇవాళ్టికీ పొలాలకు పారుతున్నాయి. అయితే హనుమకొండ నుంచి ములుగు దాటి మేడారం వెళ్తే ఇదే కథ తిరగబడుతుంది. కరువు వచ్చి కప్పం కట్టలేమన్న సమ్మక్క భర్త పగిడిద్దరాజు మీదికి సైన్యాన్ని పంపింది కాకతీయ రాజు. సమ్మక్క, సారలమ్మ కత్తి పట్టింది ఓరుగల్లు సైన్యం మీద. సమ్మక్క కొడుకు జంపన్న వాగులో పడిపోతే ఆ వాగుకే అతని పేరు వచ్చింది. ఈ కథ శాసనంలో లేదు, కోయల నోట ఉంది, పాటలో ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది వెళ్లి బంగారమని బెల్లం ఇచ్చి వస్తారు. మీరూ వెళ్లే ఉంటారు. కోట నవల చదివి రుద్రమ్మకు ఏడ్చి, జాతరకు వెళ్లి సమ్మక్కకు మొక్కుతాం. రెంటికీ మధ్య ఒక యుద్ధం ఉందన్నది మనకు తట్టదు. ఓరుగల్లు సైన్యంలో కప్పం వసూలుకు మేడారం వెళ్లినవాడి వైపు నుంచి రాసిన నవల నా కంట పడలేదు. మీ కంట పడితే రాయండి, నేను కొనుక్కుంటాను.

సగంలో పెట్టేసిన రజాకార్ల నవల గురించి చెబుతాను. ఉపన్యాసాలు ఎక్కువైతే పెట్టేయడంలో తప్పేం లేదు, నేనైనా పెట్టేస్తాను. కానీ మీ అమ్మగారు పరకాల దగ్గర పుట్టి పెరిగారని, ఎనభై ఆరేళ్లని ఉత్తరం చివర్లో ఒక ముక్క రాశారు. 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగింది ఆ పరకాలలోనే. అప్పటికి ఆవిడకు ఎనిమిదేళ్లుంటాయి. ఆ నవల్లోంచి ఒక పది పేజీలు, ఉపన్యాసాలు వదిలేసి, ఆవిడకు చదివి వినిపించండి. "గట్ల కాదు బిడ్డా" అని ఎక్కడ ఆపుతారో అక్కడ పుస్తకం మూసి వినండి. నిజాం కాలం నాటి హాలీ సిక్కా రూపాయితో అంగట్లో ఏం వచ్చేదో, రాత్రుళ్లు ఎక్కడ దాక్కున్నారో, వెట్టికి ఇంట్లోంచి ఎవరు పోయేవారో అడగండి. రుద్రమ సైనికుణ్ణి అడగలేం, ఆవిణ్ణి అడగొచ్చు. ఈ పని మాత్రం వాయిదా వేయకండి. మీ మేనల్లుడి ఫోన్‌లో రికార్డు చేయించండి.

అతని మీద కోపం పెట్టుకోవద్దు. అత్తమ్మను పట్టుకొని అందరి ముందు అలా అనడం సభ్యత కాదని పక్కకు పిలిచి ఒక మాట చెప్పండి, అది చెప్పాల్సిందే. చెప్పాక, వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లమని అడగండి. అక్కడ రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గుడి కట్టించినట్టు చెప్పే ఈ శాసనం చాలా వరకు సంస్కృతం, లిపి పాత తెలుగు-కన్నడం. మొదటిసారి నేను అరగంట చూసి నాలుగైదు అక్షరాలు కూడా పట్టుకోలేకపోయాను. ఎమ్మే చదివే కుర్రాడు ఎన్ని పట్టుకుంటాడో చూడండి, నవ్వకుండా చూడండి. ఈ రుద్రదేవుడు రుద్రమదేవి కాదు, ఆమెకు తాత తరం వాడు. రుద్రమ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజనే మగ పేరుతో కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడ తడబడతారు. మీరు ముందే చెప్పేయండి, అతను తడబడే చాన్సు ఉంది.

పొద్దున్నే వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉంటే రాయి మీద ఏమీ కనబడదు, ఏటవాలుగా వెలుతురు పడితేనే అక్షరాల గాడి తేలుతుంది. మోకాలు ఇంకా పూర్తిగా వంగడం లేదన్నారు, గుడి దగ్గర మెట్లు ఎక్కాలి. మేనల్లుడి భుజం పట్టుకొని ఎక్కండి.